పడని చుక్క

మార్చి 2

పరికరం ఇంటికి చేరింది. టాక్సీలో నా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాను. డ్రైవరు అదేమైనా కుట్టుమిషనా అని అడిగి, నా మొహం చూసి రేడియో పెట్టుకున్నాడు.

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, రేపు నాకు నేనే మార్చి చెప్పుకోకుండా.

మనవరాలు డిగ్రీ రెండో ఏడాది. మొన్న దాని ప్రాక్టికల్ రికార్డు తిరగేశాను. నూనె చుక్క ప్రయోగం దగ్గర పదిహేను రీడింగులు, ఒకదాన్ని మించి ఒకటి ముద్దుగా ఉన్నాయి. జవాబుకీ పుస్తకంలో ఉన్న విలువకీ వెంట్రుకవాసి తేడా. ముప్పై మూడేళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని, నాకెప్పుడూ అంత బుద్ధిమంతుల్లాంటి రీడింగులు రాలేదు. చుక్క ఎలా ఉంటుందే అని అడిగాను. పెన్ను మూత కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి, "చూడలేదు నానమ్మా. మా క్లాసులో ఎవరూ చూడలేదు. ఆ మిషన్‌లో ఏమీ కనపడదు. సీనియర్ల రికార్డులోంచి ఎక్కించుకుంటాం. సార్‌కీ తెలుసు" అంది.

ఆ సారు నా శిష్యుడే. చదువుకునే రోజుల్లో ప్రతి లెక్కలోనూ బిందువు ఒక స్థానం అటో ఇటో పెట్టేవాడని వాడికి దశాంశం అని పేరు పెట్టాను. ఇప్పుడు డిపార్ట్‌మెంటుకే పెద్ద. అయినా నాకు దశాంశమే.

వెళ్ళి అడిగాను. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఆ పరికరంలో ఏళ్ళ తరబడి ఎవరికీ ఏమీ కనపడలేదట. నెలాఖరున స్టాకు తనిఖీ కాగానే తుక్కు కొనేవాడికి ఇచ్చేస్తారట. దాని బదులు కంప్యూటర్లో బొమ్మ చుక్కలున్నాయట, మీట నొక్కితే కదులుతాయట. "మీ వయసులో అంత సన్నటివి చూడటం కష్టం మేడమ్, శ్రమ పడకండి" అని కూడా అన్నాడు.

నెలాఖరు దాకా నాకివ్వమన్నాను. నా కంటితో నూరు చుక్కలు చూసి కొలిచి ఇస్తాను. ఇస్తే పరికరం ల్యాబులో ఉండాలి, పిల్లలు చూసి రాయాలి. ఇవ్వలేకపోతే తుక్కు.

ఒప్పుకున్నాడు. నవ్వుతూ ఒప్పుకున్నాడు. నవ్విన సంగతి కూడా ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 3

వెనక గది నాకు. అది కోడలి కుట్టుగది. ఆమె బట్ట కత్తిరించే బల్ల మీదే పరికరం పెట్టాను, అంత గట్టి బల్ల ఇంట్లో ఇంకోటి లేదు. అబ్బాయి కరెంటు లైన్లు వేసే పని మీద ఊరు దాటి ఉన్నాడు కనక మధ్యవర్తి లేడు.

కోడలికి విషయం వివరించాల్సి వచ్చింది. రెండు ఇత్తడి ప్లేట్లు, మధ్య వేలెడు కూడా లేని ఖాళీ. పై ప్లేటులో సూదిబెజ్జమంత రంధ్రం. పైనుంచి నూనెను మంచులా చిమ్ముతాం. సన్నటి ముక్కులోంచి రాసుకుంటూ వచ్చేటప్పుడే ఒక్కో తుంపరకీ కాస్త విద్యుత్తు అంటుకుంటుంది. ఏ ఒకటో రెండో రంధ్రంలోంచి జారి పడతాయి. పక్కనుంచి దీపం, ఎదురుగా మైక్రోస్కోపు. ప్లేట్లకి వోల్టేజి ఇస్తే పడేది ఆగి, పైకి లేస్తుంది. తీసేస్తే మళ్ళీ పడుతుంది. మైక్రోస్కోపులో కనిపించే రెండు గీతల మధ్య ఎంతసేపట్లో పడింది, ఎంతసేపట్లో లేచింది అన్నది కొలిస్తే దాని మీద ఎంత చార్జి ఉందో లెక్క తేలుతుంది.

అంతా విని, "ఒక తుంపర ఎటు పోతోందో చూడటానికా అత్తయ్యా ఈ హంగామా" అంది.

అవునన్నాను.

మార్చి 5

నిన్నంతా శూన్యం. ఈ రోజు పై ప్లేటు విప్పి చూస్తే రంధ్రం పాత జిడ్డుతో పూడిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఏమీ కనపడకపోవడానికి కారణం అంతే. ఒక్కరూ విప్పి చూడలేదు. కోడలి సూదితో పొడిచాను. ఆమె మిషన్ నూనే పోశాను. ఇంకా ఏమేం తీసుకుంటారో చెబితే ముందే దాచుకుంటానంది.

పది దాటాక కనిపించాయి. బూడిదరంగు వెలుతురులో తెల్లటి మెరిసే గింజలు. మైక్రోస్కోపు తలకిందులుగా చూపిస్తుంది కనక, పడేవి లేస్తున్నట్టుంటాయి. ఒకదాన్ని ఎంచుకుని స్విచ్ వేశాను. ఆగింది. తిరిగింది. నేను చెప్పిన వైపు వెళ్ళింది.

మనవరాలిని పిలిచి చూపించాను. చాలాసేపు లేవలేదు. రికార్డులో ఆ పేజీ చింపేయనా నానమ్మా అంది. చింపక్కర్లేదు, పక్కన కొత్తది రాయి అన్నాను.

చుక్కలు: మూడు.

మార్చి 8

చుక్కలు: పంతొమ్మిది.

ఈ రోజు ఒకటి గంటకి పైగా నాతో ఉంది. దింపుతూ, ఎక్కిస్తూ. ఏడుసార్లు ఒకే వేగం. ఎనిమిదోసారి ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి పరుగందుకుంది. నేను వోల్టేజి ముట్టుకోలేదు. గాలిలో తిరిగే ఏదో అయాన్‌ని అది పట్టుకుంది. లెక్క కట్టాను, సరిగ్గా ఒక్క చార్జి పెరిగింది. ఒకటింపావు కాదు, ఒకటిన్నర కాదు.

నేను ఈ ప్రయోగాన్ని వదలనిది ఇందుకే. ఎక్కడా చిల్లర ఉండదు. ఒకటి వచ్చిందా, పోయిందా, అంతే. అది నా కళ్ళ ముందు జరుగుతుంది. బొమ్మ చుక్కలకి ఈ సంగతి తెలుసా?

కోడలు భోజనం చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచింది. చల్లారనీ అన్నాను.

మార్చి 11

చుక్కలు: ముప్పై నాలుగు. ఒక వింత కూడా.

మిగతావన్నీ తెల్లగా మెరుస్తుంటే నల్లటిది ఒకటి, కుడి వైపున. స్విచ్ వేస్తే లేవలేదు. తీస్తే పడలేదు. నేరుగా చూడబోతే పక్కకి జారుతుంది. గదిలో గాలి కదలకపోయినా ప్లేట్ల మధ్య దీపం వేడికి కాస్త కదలిక ఉండొచ్చు. నూనె అయి ఉండదు, మసి రేణువు కావచ్చు. మసి చాలా తేలిక కనక పడటం కనపడదు. చార్జి లేదు కనక లేవదు. అర్థవంతంగానే ఉంది.

విడిగా రాసి పెడుతున్నాను.

మార్చి 12

ప్లేట్ల కుడి అంచున స్పార్కు. సన్నటి మెరుపు, చంద్రవంకలా. సప్లై వైర్లు మార్చాలి.

మార్చి 14

వైర్లు మార్చాను. స్పార్కు మళ్ళీ వచ్చింది. సాయంత్రం స్విచ్ ఆపాక కూడా ఒకసారి. కెపాసిటర్‌లో మిగిలిన చార్జి అయి ఉంటుంది.

నల్లది మూడు రోజులుగా వదలడం లేదు. నూనె మార్చి, ప్లేట్లు తుడిచి చూశాను. వచ్చి అదే చోట కూర్చుంటోంది. వోల్టేజి రెట్టింపు చేశాను, చలించలేదు. ముప్పై మూడేళ్ళలో ఇంత మొండిది చూడలేదు. దశాంశానికి ఫోన్ చేసి చెప్పాను. "చార్జి లేని రేణువా మేడమ్? రోజూ అదేనా?" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. రోజూ అదే, ఎందుకు కాకూడదన్నాను. సరే మేడమ్ అన్నాడు.

వాడి "సరే" నాకు నచ్చలేదు.

గోడ మీద కూడా ఒకసారి కనిపించింది. గంటల తరబడి చూసినది కంట్లో ముద్రపడటం మామూలే.

మార్చి 16

కోడలితో పెద్ద గొడవ. టీ కప్పు కుడి వైపు పెట్టిందట, నేను చెయ్యి చాచి దాన్ని తోసేశానట. ఆమె కుట్టబోయే ఎవరి పెళ్ళి బట్టల మీదో పడింది. అసలు కప్పు అంత అంచున ఎందుకు పెట్టాలి? పెట్టలేదంటుంది.

"అత్తయ్యా, నిన్న నేను మీ కుడి పక్కనే నుంచుని మాట్లాడుతుంటే మీరు నన్ను గది అంతా వెతికారు. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించండి" అంది.

కళ్ళజోడు మొన్న మొన్ననే మార్చుకున్నాను. సూదిమొనలో వెయ్యో వంతు ఉన్న తుంపరను రోజంతా చూస్తున్నదాన్ని, నాకు కప్పు కనపడలేదా? దశాంశం, కోడలు కూడబలుక్కున్నట్టున్నారు. ఆడదానికి అరవై దాటగానే, ఏది చెప్పినా అది కనపడక చెప్పిందే.

ఆమె మరకబట్ట తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. "మీ చుక్కలు నయం, స్విచ్ వేస్తే మాట వింటాయి" అంటూ వెళ్ళింది.

చుక్కలు: నలభై తొమ్మిది.

మార్చి 17

కోడలు మాట్లాడటం లేదు. నేనూ.

మార్చి 19

నల్లవి గుంపుగా వచ్చాయి. పొద్దున లేచి చూస్తే మిరియాలు చల్లినట్టు. నూనె చిమ్మే ముక్కులో మసి పేరుకుని ఉండాలి. విప్పి కడిగి ఆరబెట్టాను. మళ్ళీ అంతే. దీపం మార్చాను. మళ్ళీ అంతే.

పనికొచ్చిన తెల్లవి ఏడే. అవి మాత్రం స్విచ్ వెయ్యగానే లేచాయి, తియ్యగానే పడ్డాయి. మొత్తం యాభై ఆరు.

పది రోజులు చాలు. నలభై నాలుగు ఎంతలో అవుతాయి.

మార్చి 20

కింది మూల చీకటి. దీపం వాలిందని సరిచేశాను. పోలేదు. మైక్రోస్కోపు గొట్టం తిప్పాను. చీకటి దానితో తిరగలేదు.

గొట్టం తిప్పితే తిరగాలి కదా.

అరవై ఒకటి.

మార్చి 21

వరుసలో రాస్తాను.

పొద్దున ఎనిమిదిన్నరకి కూర్చున్నాను. చీకటి మూల నుంచి మధ్యకి జరిగింది, తెర దించినట్టు. మనవరాలిని పిలిచి చూడమన్నాను. అది వచ్చి కన్ను పెట్టింది. చీకటి లేదంది. నల్లవి ఎన్ని ఉన్నాయే అన్నాను. "ఒక్కటి కూడా లేదు నానమ్మా. అన్నీ తెల్లవే, భలే ఉన్నాయి" అంది. సరిగ్గా చూడమని గద్దించాను. మళ్ళీ చూసింది. లేవంది. ఈ కాలం పిల్లలకి చూడటం రాదని తిట్టి పంపించేశాను.

తర్వాత కూర్చుని, నేను మార్చినవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. నూనె. ముక్కు. వైర్లు. దీపం. ప్లేట్లు తుడిచాను. గొట్టం తిప్పాను. పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పిన మాటే ఇది: తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఒక్కొక్కటీ మార్చు, మిగతావి కదపకు. అన్నీ మార్చాను.

కన్ను మార్చలేదు.

పరికరం దగ్గర ఎప్పుడూ కుడి కన్నే పెడతాను. ఎడమది మూసుకుంటాను. అది నా అలవాటు, దాన్ని పరికరంలో భాగంగా నేనెప్పుడూ లెక్కవేయలేదు.

ఎడమ కన్ను పెట్టాను. తెల్లటి గింజలు, శుభ్రమైన వెలుతురు. నల్లది లేదు. చీకటి లేదు. స్విచ్ ఆపి, కుడి కంటితో ఉత్త గోడ చూశాను. నల్లవన్నీ అక్కడున్నాయి. కన్ను తిప్పితే నాతో తిరిగాయి, ఆపితే కాస్త ఆలస్యంగా ఆగాయి.

అది ప్లేట్ల మధ్య ఎప్పుడూ లేదు. వోల్టేజి రెట్టింపు చేసి నేను బెదిరించింది నా కంట్లో నలుసుని.

కోడలి దగ్గరికి వెళ్ళాను. మిషన్ తొక్కుతోంది. కుడి కన్ను పనిచెయ్యడం లేదు, ఆసుపత్రికి రావాలి అన్నాను. పాదం ఆపింది. నేను ఏం వింటానో అని సిద్ధపడ్డాను, అంతటిదీ వినాల్సిందే కూడా. ఆమె గుండుసూదులు నోట్లోంచి ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసింది, చెప్పులు వేసుకుంది. దారంతా నా కుడి వైపే నడిచింది.

మార్చి 22

ఎడమ కంటితో రాస్తున్నాను. వంకరగా ఉంటే ఉండనీ.

కంటి వెనక పొర చిరిగి ఊడివస్తోందట. కళ్ళ డాక్టరు చిన్నపిల్ల, మనవరాలికి అక్కలా ఉంది. మెరుపులు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుందా, సుమారుగా చెప్పినా పర్లేదంది. సుమారు ఎందుకు, పన్నెండో తారీకన్నాను. నల్లది పదకొండు, గుంపు పంతొమ్మిది, తెర ఇరవై. ఆ పిల్ల రాస్తున్నది ఆపి తలెత్తింది. ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరు, మరి అప్పుడే ఎందుకు రాలేదు అంది.

తేదీలన్నీ సరిగ్గానే రాశాను, కారణం ఒక్కటే వేరేదాని మీద వేశానన్నాను.

చూపు నడిమి భాగం ఇంకా ఊడలేదట. ఇంకో రోజో రెండు రోజులో ఆగితే చెప్పలేమట. రేపే ఆపరేషన్. ఈ వయసులో ఇక కంటిని అంత కష్టపెట్టే పనులు మానుకోమంది. కష్టపెట్టడం వల్ల చిరిగిందా అని అడిగాను. కాదు, వయసుతో వస్తుందంది. అయితే మానుకోమనడం దేనికన్నాను. నిజమే, మానుకోనక్కర్లేదంది. తప్పు దిద్దుకునే డాక్టరు. ఈ పిల్ల చేతిలో కన్ను పెట్టొచ్చు.

మార్చి 24

అయింది.

మార్చి 26

కంట్లో గాలిబుడగ పెట్టారు. అది పైకి తేలి పొరను అతికేలా నొక్కాలి కనక పది రోజులు నేను ముఖం కిందికి పెట్టుకునే ఉండాలి. తినడం, పడుకోవడం, రాయడం అన్నీ నేలను చూస్తూనే. కోడలు రెండు బల్లల మధ్య ఖాళీ ఉంచి, ముఖానికి పట్టేలా దిండు కుట్టింది. నా తల కొలతలు టేపుతో తీసుకుంది, అడక్కుండానే. మీ తల గట్టిదని తెలుసు కానీ ఇంత పెద్దదనుకోలేదంది. మాటలు మొదలైనట్టే.

రీడింగుల సంగతి ఆలోచించాను. చెడ్డ కంటితో చూసినవి కనక అరవై ఒకటీ కొట్టేయాలా? కొట్టేయను. నేను స్విచ్ వేస్తే లేచినవి, తీస్తే పడినవి నా కంట్లోవి కావు. కంట్లో నలుసుకి స్విచ్ సంగతి తెలియదు. నల్లదాని గురించి రాసినది మాత్రం అడ్డంగా కొట్టేశాను, చదవడానికి వీలుగా సన్నటి గీతతో. పక్కన కారణం రాశాను.

అరవై ఒకటి. నూరు కాదు. ఒప్పందం ఒప్పందమే.

మార్చి 30

దశాంశం వచ్చాడు. మోయడానికి ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. తల ఎత్తకూడదు కనక నాకు కనిపించింది బూట్లే. పాలిష్ చేసుకుని వచ్చాడు.

ముందు ఆరోగ్యం అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "అరవై ఒకటి అయ్యాయని విన్నాను మేడమ్. నూరని వేసేద్దాం. ఎవరడుగుతారు? పరికరం ల్యాబులోనే ఉంచేస్తాను" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"అరవై ఒకటిని నూరని రాసే ల్యాబులో అది ఉన్నా తుక్కే. తీసుకుపో. తీసుకుపోయే ముందు ఒక్కసారి కూర్చుని చూడు. నువ్వు ఎన్నడూ చూడలేదు కదూ?"

బూట్లు బల్ల వైపు తిరిగాయి. "లేదు మేడమ్. అప్పుడు కూడా నా పక్కవాడి దాంట్లోంచే ఎక్కించుకున్నాను" అన్నాడు.

కూర్చోమన్నాను. మనవరాలిని స్విచ్ దగ్గర నుంచోబెట్టాను. స్టాప్‌వాచ్ నా చేతికిమ్మన్నాను, దానికి కన్ను అక్కర్లేదు. నేలకేసి చూస్తూనే వాడికి ఒక్కొక్కటీ చెప్పాను: దీపం ఎంత వంచాలో, నూనె చిమ్మే రబ్బరు బుడ్డి ఎంత మెల్లగా నొక్కాలో. గట్టిగా నొక్కాడు. వరద తెప్పించావా అన్నాను. రెండోసారి తగ్గించాడు. ఏమీ లేదన్నాడు. ఫోకస్ వెనక్కి తియ్యి. ఏమీ లేదు. ఇంకా వెనక్కి. ఓపిక పట్టు, నీ కోసం పరుగెత్తుకు రావు.

వాడి బూట్ల మడమలు నేల మీదనుంచి లేచాయి.

"మేడమ్," అన్నాడు, "వస్తోంది."

"కన్ను మార్చు. రెండో కంటికి ఉందా?"

"ఉంది."

"కన్ను పక్కకి తిప్పు. నీతో వచ్చిందా?"

"రాలేదు. అక్కడే ఉంది."

"అయితే అది నీది కాదు, ప్రపంచంలోది. వోల్టేజి వెయ్యవే."

మనవరాలు స్విచ్ వేసింది. తిరిగింది మేడమ్, తిరిగింది అన్నాడు, చిన్నపిల్లాడిలా. గీత తాకగానే చెప్పు అన్నాను. చెప్పాడు. నొక్కాను.

గుమ్మం దగ్గర మోతవాళ్ళలో ఒకడు గొంతు సవరించుకుని, బండి ఆగి ఉంది సార్, ఇక ఎత్తమంటారా అని అడిగాడు.

దశాంశం కన్ను తియ్యలేదు. "ఆగవయ్యా, ఇది ఇంకా రెండో గీత దాటలేదు" అన్నాడు.

చుక్క అరవై రెండు. చూసింది వాడు, కొలిచింది నేను. అలాగే రాస్తున్నాను.